ముందు పావుగంట కూర్చుని చూడండి

బంతి మడిలో కలుపు తీస్తుంటే మొదటి కన్నం కనిపించింది. చిటికెన వేలు పట్టేంత ఉంటుంది. పక్కనే తవ్వి పోసిన మట్టి, జల్లెడ పట్టినంత మెత్తగా. చీమలు తవ్వాయేమో అనుకున్నాను. జానెడు దూరంలో ఇంకొకటి, ఆ పక్కన మరొకటి, మొత్తం ఐదు. లెక్కపెడుతుండగానే పొడుగాటి నల్ల కందిరీగ ఒకటి నా చెవి పక్క నుంచి దూసుకెళ్లి మూడో కన్నంలోకి దూరింది. చేతిపార అక్కడే పడేసి ఇంట్లోకి పరిగెత్తాను.

ఆ మధ్యాహ్నం చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ మనసొప్పదు. పెద్ద గిన్నె నిండా నీళ్లు మరగబెట్టి ఐదు కన్నాల్లోనూ పోశాను. మట్టి బుడబుడలాడి, కుంగి, బురదై చదునైపోయింది. పీడ వదిలింది అనుకున్నాను.

అరగంట తర్వాత ఒక కందిరీగ తిరిగొచ్చింది. తనకంటే పొడవైన పచ్చ మిడతను మీసాలు పట్టుకుని నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. మిడత చావలేదు, వెనక కాలు అప్పుడప్పుడూ అదురుతోంది. కన్నం ఉండాల్సిన చోట బురద. కందిరీగ మిడతను వదిలేసి ఆ బురద చుట్టూ తిరిగింది. లేచి రెండు చుట్లు ఎగిరి మళ్లీ అక్కడే దిగింది. ముందుకాళ్లతో గీకితే తడిమట్టి ముద్దకట్టి కాళ్లకు అంటుకుంది. కాళ్లు తుడుచుకుని మళ్లీ గీకింది. మధ్యలో వెళ్లి మిడత ఉందో లేదో తడిమి చూసుకుని వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. నేను మెల్లగా బయటికొచ్చి రెండడుగుల దూరంలో కూర్చున్నాను. దాని ఇంట్లో వేణ్నీళ్లు పోసిన మనిషిని నేనే, అంత దగ్గరగా ఉన్నా అది నన్ను పట్టించుకోనే లేదు. పొద్దు వాలే వేళకు చీమలు వచ్చి మిడతను పట్టుకున్నాయి. అప్పుడు వెళ్లిపోయింది.

వేళ్లు ఉడికిపోయి ఆ వారంలో మూడు బంతి మొక్కలు కూడా ఎండిపోయాయి.

మడిలో, నేలలో గూడు కట్టిన కందిరీగల్ని ఎలా వదిలించుకోవాలి అని ఎవరినడిగినా జవాబు ఏదో ఒక మందు పేరుతో మొదలవుతుంది. ఆ కన్నంలో ఉన్నదెవరో చూడటంతో మొదలవ్వాలన్నది నా వాదన. చూశాక చంపక తప్పదని తేలవచ్చు. తర్వాతి ఏళ్లలో ఒకసారి నేనే దగ్గరుండి చంపించాను, దానికి నాకు పశ్చాత్తాపం లేదు. ఆ మొదటి మధ్యాహ్నం గురించే ఉంది. ఎందుకంటే అప్పుడు నేను చూడలేదు. భయపడ్డాను, అంతే.

కుట్టే కందిరీగల జాతులు ప్రపంచంలో 30,000కు పైగా ఉన్నాయి. వాటిలో గుంపుగా, రాణి కింద కాపురం చేసేవి దాదాపు 1,000 మాత్రమే. మిగతావాటిలో చాలా భాగం ఒంటరి తల్లులు. ఒక ఆడది ఒక కన్నం తవ్వుకుంటుంది. జాతిని బట్టి మిడతనో, గొంగళిపురుగునో, సాలీడునో వెతికి పట్టి, చావకుండా చచ్చుబడేలా కుట్టి, కన్నంలోకి లాక్కెళ్లి, దాని మీద గుడ్డు పెట్టి, మట్టితో మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు ఆ తాజా ఆహారాన్నే తిని పెరుగుతుంది. తల్లి దాన్ని చూడను కూడా చూడదు. చాలా జాతుల్లో పెద్దవాటి సందడి నాలుగు నుంచి ఆరు వారాలే. ఆ తర్వాత మడి మళ్లీ నిశ్శబ్దం.

మన పెద్దలు భ్రమరకీటక న్యాయం అని ఒక మాట చెప్పేవారు. భ్రమరం పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుందని, భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని పురుగు కూడా భ్రమరమైపోతుందని. వేదాంతంలో ఆ పోలిక ఎంత లోతుకు వెళ్లిందో నాకు తెలియదని కాదు, చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ ఆ మిడతను చూసిన రోజు నాకు తట్టింది వేరు. ఆ మాట మొదట అన్న మనిషి ఎవరైనా, గూటి ముందు కూర్చుని రోజుల తరబడి చూసి ఉండాలి. పురుగు లోపలికి పోవడం, కొన్నాళ్లకు కందిరీగ బయటికి రావడం రెండూ కళ్లారా చూసినవాళ్లే ఆ మాట అనగలరు. లోపల జరిగింది తిండి అన్న ఒక్క ముక్కే వాళ్లకు కనపడలేదు. అంత ఓపిక నాకు ఆ మధ్యాహ్నం ఒక్క గంట ఉన్నా బాగుండేది.

ఒంటరి కందిరీగ మన మీదికి ఎందుకు రాదో అర్థమైతే సగం భయం పోతుంది. దాని కొండి వేట కోసం. గూటికి కాపలా కాయడానికి వేరే ఎవరూ లేరు, తను చస్తే పెట్టబోయే గుడ్లన్నీ పోయినట్టే. అందుకే మనిషి అడుగు పడితే పక్కకు తప్పుకుంటుంది. చేత్తో నలిపితేనో, చెప్పుల్లేని కాలితో తొక్కితేనో కుడుతుంది, ఊరికే కుట్టదు. పసుపు నలుపు చారలుండే ఎల్లోజాకెట్ లాంటి గుంపు కందిరీగల లెక్క వేరు. అక్కడ గుడ్లు పెట్టే పని రాణిది. పని ఈగలు వందలు, వేలు. వాటిలో పది చచ్చినా ఇల్లు నిలుస్తుంది. కాబట్టి పోరాడతాయి, అదీ కలిసికట్టుగా. ఒకదాన్ని చితక్కొడితే దాని విషంలోని వాసన మిగతావాటిని పిలుస్తుంది. తేనెటీగ కొండి మన చర్మంలో ఇరుక్కుని తెగిపోతుంది కాబట్టి ఒక్కసారే కుట్టగలదు. కందిరీగకు ఆ ఇబ్బంది లేదు, ఎన్నిసార్లయినా కుడుతుంది.

అందుకే చూడమంటున్నాను. ఎండ బాగా వచ్చాక, కన్నానికి ఎదురుగా కాకుండా ఒక పక్కగా, నాలుగైదు గజాల దూరంలో కూర్చోండి. ఫోన్ కెమెరాను జూమ్ చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది. పావుగంట చాలు.

ఒకే కన్నంలోకి నిమిషానికి ఐదారు వస్తూ పోతూ ఉంటే, కన్నం అంచున ఒకటి రెండు తలలు బయటికి పెట్టి కాపలా కాస్తుంటే, అది గుంపు. ఇక దగ్గరికి వెళ్లకండి. అలా కాకుండా చాలా కన్నాలుండి, ఒక్కో దాని పక్కన మట్టి చిన్న కుప్పగా పడి ఉండి, ఒక్కో కన్నానికి ఒక్కటే ఈగ ఎప్పుడో ఒకసారి వచ్చి పోతుంటే ఒంటరివి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పది పదిహేను కన్నాలు ఒకచోట కనిపించగానే పెద్ద తుట్టె అనుకుంటారు. మంచి నేల దొరికితే ఒంటరి తల్లులు పక్కపక్కనే తవ్వుకుంటాయి, కానీ ఎవరి ఇల్లు వారిదే. కన్నాల పైన జానెడెత్తులో గుంపుగా అటూ ఇటూ తిరిగేవి కొన్ని ఉంటాయి, చూస్తే గుండె జారిపోతుంది. అవి ఆడవాటి కోసం తిరిగే మగవి. కొండి అంటే గుడ్లు పెట్టే అవయవమే అలా మారింది కాబట్టి మగవాటికి అది ఉండదు. ఒంటి మీద నూగు ఉండి, వెనక కాళ్లకు పసుపు పచ్చటి పుప్పొడి అంటుకుని ఉంటే అసలు కందిరీగే కాదు, తేనెటీగల చుట్టం. తేనెటీగల కుటుంబానికి చెందిన ఈగ జాతులన్నిటిలో దాదాపు 70 శాతం నేలలోనే గూడు కడతాయి. వాటిని చంపితే మీ మడిలో కాయ కాసే పనినే చంపుకున్నట్టు.

ఒంటరి కందిరీగ తన కన్నాన్ని ఎలా గుర్తుపడుతుందో చూపించినవాడు నికో టింబర్గెన్. నెదర్లాండ్స్‌లో హుల్స్‌హోర్స్ట్ ఇసుక నేలల్లో ఆయన ఒక కందిరీగ కన్నం చుట్టూ పైన్ కాయలు వలయంగా పేర్చాడు. అది వాటికి అలవాటు పడ్డాక, వేటకు వెళ్లిన సమయంలో ఆ వలయాన్ని అడుగు దూరం జరిపాడు. తిరిగొచ్చిన కందిరీగ తిన్నగా పైన్ కాయల మధ్యకే దిగింది. పక్కనే ఉన్న సొంత కన్నం దానికి కనపడలేదు. జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది. బయటికి వచ్చేటప్పుడు కందిరీగ ఎందుకు వంకరటింకర చుట్లు కొడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మన మీదికి రావడానికి కాదు, రాళ్లూ మొక్కలూ గుర్తుపెట్టుకోవడానికి. నా బురద చుట్టూ తిరిగిన కందిరీగకు గుర్తులన్నీ అలాగే ఉన్నాయి. బంతి మొక్కలున్నాయి, మడి అంచు రాళ్లున్నాయి. కన్నమే లేదు.

ఇప్పుడు రెండో సంగతి.

మూడేళ్ల తర్వాత ఇంటి మెట్ల పక్క మడిలో, పాత ఎలుక బొరియలో పసుపు నలుపు చారల కందిరీగలు చేరాయి. నేను వాటిని ముందు గమనించలేదు. సెలవులకు అక్క వచ్చింది, మేనల్లుడు మెట్ల మీద బంతి ఆడుతున్నాడు. బంతి మడిలో పడింది, వాడు దూకాడు. గుంపు కందిరీగలకు నేల అదురు చాలు. వాడి అరుపు వినేసరికి నేను గుమ్మం దగ్గర ఉన్నాను. వాడు చేతులు విసురుతున్నాడు, ఎంత విసిరితే అంత మీదికొస్తున్నాయి. లాక్కుని ఇంట్లోకి తెచ్చి తలుపు వేసేసరికి చొక్కా లోపల ఇంకా రెండున్నాయి. ఏడుచోట్ల కుట్టాయి, ఒకటి చెవి వెనక. ఆ సాయంత్రమంతా వాడి పెదాలు వాస్తాయేమో, ఊపిరి ఆడుతుందో లేదో అని అక్క ముఖం, వాడి ముఖం చూస్తూ టెన్షన్‌తో కూర్చున్నాను. వాడికి నొప్పి, వాపు తప్ప ఏమీ కాలేదు. అలర్జీ ఉన్నవాళ్లకు ఒక్క కాటు చాలు. ఒళ్లంతా దద్దుర్లు, నాలుక వాపు, ఆయాసం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో చిట్కాలు వద్దు, వెంటనే ఆస్పత్రికి పోవాలి. అక్కడ ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షన్. కాటు నోట్లోనో గొంతులోనో పడితే అలర్జీ లేకపోయినా పరుగెత్తాల్సిందే.

ఆ రాత్రి నేను చేయబోయిన పని ఆ కన్నం మీద పెద్ద బండ పెట్టడం. పెస్ట్ కంట్రోల్ ఆయనకు ఫోన్ చేస్తే ముందు ఆయన అన్న మాట, “ఆ కన్నం మూయొద్దమ్మా, అది తెరిచి ఉంటేనే నాకు పని.” ఎందుకో తర్వాత తెలిసింది. మూస్తే చావవు, ఇంకో దారి తవ్వుకుంటాయి. గూడు గోడ పక్కన ఉంటే ఆ దారి ఇంట్లోకే రావచ్చు. బయట ఉండిపోయినవి బండ చుట్టూ తిరుగుతూ ఎవరొస్తే వాళ్ల మీద పడతాయి. ఆయన మర్నాడు చీకటి పడ్డాక, అన్నీ గూటికి చేరాక వచ్చాడు. ఒళ్లంతా కప్పే దుస్తులు, ముఖానికి వల, ఎర్ర కాగితం చుట్టిన టార్చి. కందిరీగలకు ఎర్ర రంగు సరిగా కనపడదు, మామూలు లైటు వేస్తే దాని మీదికే వస్తాయి. పొడి మందును కన్నం అంచున, లోపలికి కొట్టి వెళ్లిపోయాడు. తెల్లవారి అటూ ఇటూ తిరిగే ఈగలు కాళ్లకు ఆ పొడి పూసుకుని లోపలికి మోసుకెళ్తాయి. రెండు రోజులకు రాకపోకలు ఆగిపోయాయి.

వారం తర్వాత తవ్వి చూశాం. బూడిద రంగు కాగితంతో కట్టినట్టున్న గూడు, పుచ్చకాయంత. అది నిజంగా కాగితమే. చెక్కను గీకి నమిలి ఉమ్మితో కలిపి కట్టుకుంటాయి. పొరలు పొరలుగా అరలు, అరల్లో తెల్లటి పిల్లపురుగులు. చూస్తే బాధ కలిగింది, అబద్ధం చెప్పను. కానీ మెట్లు రోజూ ఎక్కేవి, దిగేవి. పిల్లాడికి చెప్పినా గుర్తుండదు, మా అమ్మకు పక్కకు తప్పుకోవడం చేతకాదు. ఆ చోట ఆ గూడు ఉండటానికి వీల్లేదు.

ఇక్కడ నాకు రెండు పక్షాలతోనూ పేచీ ఉంది. ఒక పక్షం, ప్రాణిని చంపకూడదు, కందిరీగలన్నీ మేలు చేసేవే అంటుంది. మేలు చేసే మాట నిజం. కుట్టే కందిరీగల మీద 2021లో వచ్చిన ఒక పరిశోధనా సమీక్ష, 164 మొక్కల జాతులు పరాగసంపర్కానికి పూర్తిగా కందిరీగల మీదే ఆధారపడ్డాయని లెక్కగట్టింది. ఆకులు తినే గొంగళిపురుగుల్ని అవి ఎన్ని మోసుకుపోతాయో మడి ముందు కూర్చుంటే మీకే తెలుస్తుంది. కానీ 1945లో యూరప్ నుంచి విమాన భాగాల పెట్టెల్లో న్యూజిలాండ్ చేరిన జర్మన్ కందిరీగ, తర్వాత వచ్చిన దాని చుట్టం, అక్కడి బీచ్ అనే చెట్ల అడవుల్లో పక్షులకు తిండి అయిన తీపి రసాన్ని ఎలా ఖాళీ చేస్తున్నాయో చూసినవాళ్లు అన్నీ మేలే అనరు. అక్కడ అడవిని కాపాడేవాళ్లే వాటికి మందు పెడుతున్నారు. ఏది, ఎక్కడ, ఎవరి దారిలో అన్నది చూడకుండా దయ చూపించడం కూడా చూడకుండా చంపడం లాంటిదే.

రెండో పక్షం పెట్రోలు పక్షం. కన్నంలో పెట్రోలు పోసి మూసేయండి, పోతాయి అంటారు. కొందరు అగ్గిపుల్ల కూడా గీయమంటారు. దీని మీద నాకు కోపం వస్తుంది, ఆపుకోలేను. ఆవిరి మంట ఎటు ఎగసి ముఖం కాలుస్తుందో మీ చేతుల్లో ఉండదు. మంట పెట్టకపోయినా ఆ పెట్రోలు ఎక్కడికీ పోదు. మట్టిలో ఉంటుంది, వేళ్లకు తగులుతుంది, వానపాముల్ని చంపుతుంది, వానకు కిందికి దిగుతుంది. మడి అంటే మనం తినేది, పూజించేది, ముట్టుకునేది పండే చోటు. రెండు రోజుల తొందరకు ఆ మట్టిని ఏళ్ల తరబడి పాడుచేసుకుంటామా? వేణ్నీళ్లు కూడా నేను చేసి చూసిన పనే. కన్నం దారి వంకరగా ఉంటుంది, గుంపు గూడు లోతులో ఉంటే నీళ్లు చేరేలోపే చల్లారతాయి. చచ్చేవి కొన్ని, రెచ్చిపోయేవి మిగతావన్నీ.

పొడి మందు విషయంలోనూ జాగ్రత్త అవసరం. వీటిలో ఎక్కువగా వాడే పెర్మెత్రిన్ రకం మందులు తేనెటీగలకు, చేపలకు ప్రాణాంతకం, పిల్లులకు మరీ. కాబట్టి మందు కన్నంలోకే వెళ్లాలి, పూల మీద, మడి మీద చల్లకూడదు. డబ్బా మీద రాసింది చదవకుండా మూత తీయకూడదు. నా మాట అడిగితే, గుంపు గూడు సంగతి స్వయంగా చూసుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉంటే ఆ ఆలోచనే వద్దు. ఇక గూడు దూరంగా, ఎవరూ పోని మూల ఉంటే, చలి బాగా పడే ప్రాంతమైతే, అసలు ముట్టుకోనక్కర్లేదు. చలికి పని ఈగలు చచ్చిపోతాయి, కొత్త రాణులు వేరేచోట దాక్కుంటాయి, పాత గూట్లోకి తిరిగి రావు. వెచ్చటి చోట్ల ఈ లెక్క పనికిరాదు, గూడు ఏడాది దాటి పెరగవచ్చు.

ఒంటరివి మడిలో ఉండి, ఆ మడిలో మీరు రోజూ పని చేయాల్సి వస్తే, వాటిని వెళ్లిపొమ్మనడానికి మందు అక్కర్లేదు. వాటికి కావలసింది ఎండ పడే, పొడిగా, వదులుగా ఉండే బోసి నేల. ఆ బోసితనం తీసేయండి. సాయంత్రం సాయంత్రం నీళ్లు పట్టండి, నాలుగు వేళ్ల మందాన ఎండాకులో కొమ్మల తురుమో పరచండి, ఖాళీల్లో నేలను కప్పే మొక్కలు పెట్టండి. కొత్తవి తవ్వడం మానేస్తాయి. ఇదంతా తవ్వకాలు మొదలవ్వకముందు చేస్తే మంచిది. మధ్యలో చేస్తే మళ్లీ నా బురదే. వీలైతే తోటలో ఇంకో మూల గజం నేల వాటికోసం బోసిగా వదలండి.

ఈ ఏడు బంతి మడి చివర మళ్లీ నాలుగు కన్నాలు పడ్డాయి. ఈసారివి వేరే రకం, సన్నటి నడుము, నడుము దగ్గర ఎర్రటి పట్టీ. నాలుగు పుల్లలు పాతి చుట్టూ తాడు కట్టాను. మేనల్లుడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. మొదట తాడు దగ్గరికి కూడా రాలేదు. మూడో రోజు నా వెనక నిలబడి చూశాడు, తర్వాత పక్కన కూర్చున్నాడు. నిన్న ఒకటి కన్నం మూసింది. ముందు చిన్న గులకరాయి అడ్డం పెట్టింది, మట్టి నింపింది. తర్వాత ఇంకో రాయి దవడల్లో పట్టుకుని, దాంతో మట్టిని దిమ్మిస చేసినట్టు టకటకా కొట్టింది. 1898లో అమెరికాలో పెక్‌హామ్ దంపతులు ఇదే చూసి రాశారని వాడికి చెప్పాను. వాడు వినలేదు, చూస్తున్నాడు. పని అయ్యాక అది ఆ రాయి పక్కన పడేసి ఎగిరిపోయింది. ఎక్కడ కన్నం ఉండేదో ఇద్దరికీ గుర్తుపట్టడం రాలేదు. “తాడు విప్పేద్దామా?” అన్నాడు. ఇంకా మూడు కన్నాలు తెరిచే ఉన్నాయి.